కొండలయ్యకి నచ్చిన సినిమాలు

మా సంపూర్ణా టాకీస్‌లో గేటు దగ్గర టిక్కెట్లు చింపే కొండలయ్యకి ఒక సినిమా నచ్చిందంటే, ఆ సినిమాని మేం మా హాల్లో వేసేవాళ్లం కాదు. నచ్చలేదంటే పరుగున వెళ్లి తెచ్చుకునేవాళ్లం. ఈ సంగతి హాలు యజమాని హేమసుందర్ గారికి తెలుసు. మేనేజర్ని కాబట్టి నాకూ తెలుసు. తెలియనిది కొండలయ్య ఒక్కడికే. పదకొండేళ్లపాటు మేమిద్దరం అతనికి తెలియకుండా దాచాం.

తిట్టుకునేవాళ్లు నన్ను ఇక్కడే తిట్టేసుకోండి, మళ్లీ మధ్యలో అడ్డు రాకండి. నా పేరు తిరుపతిరావు. చల్లపల్లిలో ఆ హాలు మేనేజరుగా ఇరవై ఆరేళ్లు చేశాను. యజమాని చెప్పిన పని చేసే జీతగాణ్ణి. ఈ మాట నాకు నేను కొన్ని వందలసార్లు చెప్పుకున్నాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. ఒక్కసారి కూడా ఒంటికి పట్టలేదు, అది వేరే సంగతి.

కొండలయ్యది నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర్లో ఉన్న ఓ పల్లె. వలల మీద బతికే కుటుంబం. పాతికేళ్ల వయసులో చల్లపల్లి వచ్చి మా హాలు గేటు దగ్గర నిలబడ్డాడు. చేతిలో ఉన్న పని వదిలేసి ఎందుకొచ్చావయ్యా అంటే, "అక్కడ సినిమా లేదు కదండీ" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. భార్య నాగమల్లేశ్వరి మార్కెట్లో చేపలమ్ముతుంది. పిల్లల్లేరు. సెంటు భూమి లేదు. పొట్టిగా, నల్లగా, చొక్కాకి మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, ఎవరైనా ఎదురైతే తనే పక్కకి తప్పుకునే రకం. ఊళ్లో అతని మాట ఆగి వినేవాళ్లు లేరు. అలాంటివాణ్ణి పట్టుకుని హేమసుందర్ గారంతటి మనిషి, "ఏం కొండలయ్యా, బొమ్మ ఎట్టా ఉంది?" అని అడిగేవారు. అడిగి, చెప్పేదాకా నిలబడి వినేవారు. కొండలయ్య ఆ ఒక్క గౌరవం మీద బతికాడు. అది ఉత్తదని తెలిసిన రోజున ఈ మనిషి ఏమైపోతాడన్నదే పదకొండేళ్లూ నా భయం.

అతని దగ్గర పొడుగాటి రూళ్ల పుస్తకాలుండేవి. ఎడమ పేజీలో పేపర్లో వచ్చిన సినిమా సమీక్ష కత్తిరించి అన్నం మెతుకులతో అంటించేవాడు. కుడి పేజీలో తన మాట రాసుకునేవాడు. సమీక్షకులు ఐదుకి ఇంత అని స్టార్లు వేస్తారు కదా, కొండలయ్య వేసేవాడు కాదు. "రెండున్నర అంటే ఏందండీ? కూర ఎట్టా ఉందని ఇంటిది అడిగితే రెండున్నర అని చెప్తామా? చెప్పి బతుకుతామా?" అనేవాడు.

ఆ పుస్తకాలు నేను దొంగతనంగా చదివేవాణ్ణి. ఎడమవైపు పేపరాయన, "ద్వితీయార్ధంలో సాగదీత ప్రేక్షకుడి సహనాన్ని పరీక్షిస్తుంది" అని రాశాడు. కుడివైపు కొండలయ్య: "ఆ సాగదీసిన చోటే ముసలాయన గుమ్మంలో కూచుని వల బాగుచేసుకుంటాడు. ముడి సరిగ్గా వేశాడు. మా నాన్న కనపడ్డాడు. ఇంకాసేపు సాగదీసినా బాగుండును." ఇంకో చోట పేపరాయన మూడున్నర స్టార్లిచ్చి, పతాక సన్నివేశంలో హీరో విశ్వరూపం అని మెచ్చుకున్నాడు. కొండలయ్య మెచ్చుకోలేదు. "అరవై ఇద్దర్ని కొట్టాడు, లెక్కపెట్టాను. పొద్దుణ్ణించీ ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలా. తిన్నారా అని ఒక్కరూ అడగలా. నాకే ఆకలేసింది."

ఎప్పుడైనా పేపరాయనా తనూ ఒకే మాట అనుకుంటే ఇక ఆ రోజు పండగే. ఆ పేజీ మీద ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టి, గేటు దగ్గర్నుంచి నా గదికొచ్చి మరీ చెప్పేవాడు. "ఈ వారం ఇద్దరం కలిశామండి. రాసినాయన ఎవరో గానీ మన మనిషే." మాట కలవకపోతే పేపరాయన్ని తిట్టేవాడు కాదు. "చదువుకున్నోళ్లు కదండీ, నాకు కనపడనిది ఏదన్నా వాళ్లకి కనపడిందేమో" అని, ఆ ముక్క జేబులో పెట్టుకుని, పక్క ఊరెళ్లి సొంత డబ్బుతో టిక్కెట్టు కొనుక్కుని రెండోసారి చూసొచ్చేవాడు. వచ్చి, "లేదండీ, ఇప్పుడు ఇంకా ఎక్కువ నచ్చింది" అని తల గోక్కునేవాడు. నవ్వాలో తిట్టాలో తెలిసేది కాదు నాకు.

ఇదంతా ఎలా మొదలైందో చెప్పాలి. మా హాలుకి సినిమాలు రెండో వారం నుంచి వచ్చేవి. శుక్రవారం పొద్దున విజయవాడలో మొదటి ఆట చూసి, మధ్యాహ్నంలోగా గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ ఆఫీసుకెళ్లి మాట్లాడుకోవాలి. సాయంత్రం దాకా ఆలోచిస్తే ఆ సినిమా ఇంకో ఊరివాడు ఎగరేసుకుపోతాడు. హేమసుందర్ గారికేమో రొయ్యల చెరువులు తప్ప వేరే లోకం తెలియదు. హాలు వాళ్ల నాన్నగారు కట్టించి వాళ్ల నాయనమ్మ పేరు పెట్టారు కాబట్టి నడుపుతున్నారు, అంతే. ఫోన్లో స్టార్లు చూసి బేరం చేసేవారు. నాలుగు స్టార్ల సినిమాలు తెచ్చి ఖాళీ కుర్చీలకి చూపించాం. ఒకటిన్నర సినిమాలు వదిలేస్తే అవి పక్క ఊళ్లో విరగబడి ఆడాయి. విసుగెత్తి, "ఈ రాసేవాళ్లని నమ్మితే మట్టిగొట్టుకుపోతాం. మామూలు జనంలోంచి ఒకణ్ణి తీసుకెళదాం. మన కొండలయ్య ఉన్నాడు కదా" అన్నారు.

తీసుకెళ్లాం. సినిమా చూసి కొండలయ్య తుండుగుడ్డ తడిసేలా ఏడిచాడు. ఇంకేం, తెచ్చాం. మూడో రోజు రెండో ఆటకి పదకొండు మంది. ఇంకొకటి చూపించాం, మళ్లీ ఏడిచాడు, మళ్లీ తెచ్చాం, మళ్లీ మునిగాం. మూడోదానికి ఇంటర్వెల్ కూడా కాకముందే గుర్రు పెట్టాడు. "నా వల్ల కాలేదండీ, క్షమించాలి" అన్నాడు పాపం. వదిలేశాం. అది పక్క ఊళ్లో యాభై రోజులాడింది.

ఆ రోజు హేమసుందర్ గారు నా గదిలోకొచ్చి టేబుల్ మీద ఒక్క చరుపు చరిచారు. "తిరుపతీ, ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని కూర్చున్నాం కదయ్యా! పేపరోళ్లు ఒకసారి కరెక్టు, ఒకసారి రాంగు. నమ్మడానికి లేదు. వీడు ఎప్పుడూ రాంగే. అదీ మనక్కావాల్సింది! వీడికి నచ్చిందా, వదిలెయ్. నచ్చలేదా, పట్టుకో."

"అతనితో చెబుదామాండీ?" అన్నాను.

"చెబితే ఇంకేముంది? ఆలోచించి చెప్పడం మొదలెడతాడు. వాడు వాడిలాగే చూడాలయ్యా" అన్నారు. ఆ లెక్క తప్పని నేను అనలేకపోయాను. హాలు నిలబడింది కూడా. చుట్టుపక్కల హాళ్లు ఒక్కొక్కటే కల్యాణమండపాలైపోతుంటే మాది మాత్రం ఆడింది.

అప్పట్నుంచి ప్రతి శుక్రవారం తొలి బస్సుకి ఇద్దరం బయల్దేరేవాళ్లం. గవర్నర్‌పేటలో ఒక హోటల్లో కొండలయ్యకి పెసరట్టు పెట్టించమని యజమాని ఆర్డరు. బాల్కనీలో టిక్కెట్లు. చల్లపల్లిలో గేటు దాటి లోపల కూర్చోడానికి మొహమాటపడే మనిషి, ఇక్కడ మెత్తటి సీట్లో తుండుగుడ్డ పరుచుకుని కూర్చునేవాడు, సీటుకి తన చెమట అంటుతుందని. నేను పక్క సీట్లో. నాకు తెర మీద ఏం జరుగుతోందో అక్కర్లేదు. కొండలయ్య మొహం చూడటమే నా పని. గడ్డం వణికిందా, గుటక మింగాడా, కళ్లు తుడుచుకున్నాడా, ఆవలించాడా. ఇంటర్వెల్‌లో యజమానికి ఒకే ఒక్క మాట మెసేజ్ పెట్టేవాణ్ణి. ‘ఏడిచాడు’ అని గానీ, ‘నిద్ర’ అని గానీ. అంతే, బేరం తేలిపోయేది.

బయటికొచ్చాక అతను ఉత్సాహంగా చెప్పుకుపోయేవాడు. ఆ తల్లి అట్టా అనకుండా ఉండాల్సిందండి, ఆ పిల్లాడు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు చూశారా అండి, అని. నేను చూడలేదు. "ఆఁ, ఆఁ" అనేవాణ్ణి. వారం తిరిగేసరికి ఆ సినిమా రాకపోతే అడిగేవాడు. "రేటు కుదర్లేదయ్యా" అనేవాణ్ణి. "మనూరోళ్లకి రాసిపెట్టి లేదండి" అని నిజంగా బాధపడేవాడు. అతనికి నిద్రొచ్చిన సినిమాకి జనం తోసుకుంటూ వస్తుంటే, టిక్కెట్లు చింపుతూ ముసలివాళ్లకి మెల్లిగా చెప్పేవాడు, "ఓ మాదిరిగా ఉంటదండి, ఏమనుకోకండి" అని. తప్పు తను చేసినట్టు.

ఇలా పదకొండేళ్లు. పోయినేడు వానలకి ముందు హేమసుందర్ గారు తేల్చి చెప్పేశారు. "ఇంట్లో కూర్చుని అందరూ ఫోన్లలో చూస్తున్నారు. ఈ దసరాకి ఒక్క మంచి బొమ్మ పడాలి. పడకపోతే హాలుని రొయ్యల మేత కంపెనీకి గోడౌన్‌గా ఇచ్చేస్తాను తిరుపతీ. నా వల్ల కాదు." ఆ మాట కొండలయ్యకి కూడా చెప్పాను. "మంచిది చూసి పట్టుకుందాంలెండి, నేనున్నాను కదా" అన్నాడు నాకు ధైర్యం చెబుతూ.

వినాయకచవితికి అక్షయ ఇంటికొచ్చింది. హేమసుందర్ గారి కూతురు, విజయవాడలో ఇంజనీరింగ్. ఫోన్లో సినిమాల మీద వీడియోలు చేస్తుంది. మంచి పిల్ల. ఇది గట్టిగా చెబుతున్నాను, జరిగినదానికి ఎవరూ ఆ పిల్లని అనకూడదు. హాలుకొచ్చినప్పుడు గేటు దగ్గర స్టూలు మీద పుస్తకం చూసింది. నిలబడే పది పేజీలు చదివేసింది. "బాబాయ్, ఇదంతా నువ్వే రాశావా? క్రిటిక్స్ ఒక పక్క, నువ్వు ఒక పక్కా? అన్నీ ఇవ్వవా, చదివి ఇచ్చేస్తాను" అంది.

అప్పుడు కొండలయ్య మొహం చూడాల్సింది. సైకిలేసుకుని ఇంటికెళ్లి తొమ్మిది పుస్తకాలూ గోనెసంచీలో వేసుకొచ్చి ఇచ్చాడు. "అమ్మాయి గారు చదువుతారంటండీ" అని నాకు మూడుసార్లు చెప్పాడు. నేను పరుగున గదిలోకెళ్లి యజమానికి ఫోన్ చేస్తే ఆయన చెరువు గట్టు మీద ఉన్నారు. "చదువుకోనీవయ్యా, మన కొంపేం మునిగింది" అన్నారు.

నాలుగో రోజు పొద్దున అక్షయ మమ్మల్నిద్దర్నీ ఇంటికి పిలిచింది. వరండాలో కంప్యూటర్ తెరిచి పెట్టుకుని కూర్చుంది. కొండలయ్య ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"బాబాయ్, నాలుగొందల పన్నెండు సినిమాలు! మూడు గడులు చేశాను. క్రిటిక్స్ ఏమన్నారు, నువ్వేమన్నావు, సినిమా ఆడిందా లేదా. క్రిటిక్స్ చెప్పింది సగానికి సగం తప్పు. నీది చూడు. నువ్వు బాగుందన్నవి నూట ముప్పై. అందులో ఆడినవి ఆరంటే ఆరు. పెద్ద పెద్ద హిట్లన్నీ నువ్వు నిద్రపోయినవే. ఏ క్రిటిక్‌కీ ఇంత రికార్డు లేదు బాబాయ్!"

కొండలయ్య నవ్వాడు. సగమే అర్థమైనట్టుంది. "అంటే నేను రాసింది బాగున్నట్టేనా అమ్మాయి గారూ?"

"సూపర్! అందుకే కదా నాన్న ఇన్నేళ్ల నుంచీ నిన్ను తీసుకెళ్లమంటోంది. నువ్వు ఏడిస్తే ఆ సినిమా వద్దనుకోవడం, నువ్వు నిద్రపోతే తెచ్చుకోవడం. నాన్న ఫోన్లో తిరుపతి అంకుల్ పెట్టిన మెసేజ్‌లు చూసి నేనైతే పడీ పడీ..." అంటూ నా వైపు తిరిగింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "బాబాయ్‌కి తెలీదా అంకుల్?"

నేను నేల చూశాను. ఇరవై ఆరేళ్ల మేనేజరుగిరీలో ఎందరితోనో తగాదాలు పడ్డాను, తాగొచ్చి కుర్చీలు విరగ్గొట్టినవాళ్ల మెడలు పట్టి బయటికి గెంటాను. ఆ రోజు ఆ పిల్ల ముందు తలెత్తలేకపోయాను.

కొండలయ్య కంప్యూటర్ దగ్గరికి వంగి ఆ గడుల మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత, "మరి రేటు కుదర్లేదనేవోరు కదండీ మేనేజరు గారూ" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ కోపం తెచ్చుకుని ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ పిల్ల లేచొచ్చి, "సారీ బాబాయ్, నీకు తెలుసనుకున్నాను" అని ఏడుపు మొదలెట్టింది. "మీరేం చేశారమ్మా, ఉన్నది చెప్పారు" అని ఆమెని ఊరుకోబెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. పుస్తకాలు అడగలేదు. ఆ అమ్మాయే రెండుసార్లు ఇంటికి పంపితే, ఉంచుకోమన్నాడట.

మర్నాడు డ్యూటీకి వచ్చాడు. టిక్కెట్లు చింపాడు. మాట మాత్రం లేదు. మాటల్లేవంటే నాతో అలిగాడని కాదు, అసలు ఎవరితోనూ లేవు. నాగమల్లేశ్వరి మార్కెట్లో నన్ను పట్టుకుంది. చేతిలో కత్తి, ముందు సగం కోసిన బొచ్చె చేప. "ఏమండీ మేనేజరు గారూ, మా ఆయన మొహమేమన్నా పంచాంగమనుకున్నారా, రోజూ తెరిచి చూసుకోడానికి? మూడ్రోజుల్నించి అన్నం కలిపి వదిలేస్తున్నాడు. పెసరట్టు పెట్టి మడిసిని ఎర్రిబాగులోణ్ణి చేశారు కదయ్యా!" చుట్టూ ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. పడ్డాను. పడాల్సిందే. చేప కొనకుండా వచ్చేశాను.

వారం తర్వాత మ్యాట్నీ వదిలాక కొండలయ్య నా గదిలోకి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "ఒక మాట అడగనాండీ?" అన్నాడు.

"అడగవయ్యా. తిట్టాలన్నా తిట్టు."

"అదికాదండి. నూట ముప్పై సినిమాలు. అయ్యి తీసినోళ్లు ఇల్లూ వాకిలీ తాకట్టు పెట్టి తీసుంటారు కదండీ. నాకు నచ్చడం వల్ల ఆడలేదంటారా?"

"ఛ, అదేం మాటయ్యా! నీకు నచ్చడానికీ ఆడకపోవడానికీ సంబంధం ఏంటి?"

"సంబంధం లేకపోతే మరి మీరు నా మొహం చూసి బేరాలు ఎందుకు చేశారండీ?"

నేను చెప్పబోయాను. జనం రుచి వేరు, నీ రుచి వేరు, ఇందులో నీ తప్పేం లేదు అని. ఆ మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఎందుకంటే, పదకొండేళ్లు ఆ పని చేసిన వాణ్ణి నేను. ఆ నూట ముప్పైలో మొదటి రెండూ తప్ప మిగతావి మా ఊళ్లో ఒక్క ఆట కూడా పడనివ్వకుండా చేసినవాళ్లం మేం. మా ఊరి జనానికి నచ్చుతాయో లేదో చూసింది ఎవరు? చల్లపల్లిలో కొండలయ్య లాంటివాళ్లు ఇంకో యాభై మంది ఉన్నారేమో, ఆ వల ముడి వేసే ముసలాయన్ని చూసి ఏడవడానికి. ఈ ఆలోచన నాకు అంత ఆలస్యంగా వచ్చింది. వచ్చినా పైకి చెప్పలేదు. "పోయి ఫస్టు షోకి గేటు తియ్యి" అని కసిరాను. నా మీద నాకున్న కోపమంతా అతని మీద పోసేశాను. వెళ్లి తీశాడు.

దసరా శుక్రవారం వచ్చింది. యజమాని గట్టిగా చెప్పారు, కొండలయ్యని తీసుకెళ్లి తీరాల్సిందేనని. "తెలిస్తే తెలిసిందిలేవయ్యా. ఏడుపు ఏడుపే, నిద్ర నిద్రే. అది దాస్తే దాగేదా?" అన్నారు. కొండలయ్య రానంటాడనుకున్నాను. తెల్లారేసరికి బస్టాండులో ఉన్నాడు. దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పామర్రు దాటాక ఒక్క మాట అడిగాడు. "హాలు గోడౌనైపోతే మీరేం చేస్తారండీ?"

"నాకేంటయ్యా, మా అల్లుడికి ఆటోనగర్లో షాపుంది. నీ సంగతి చూసుకో" అన్నాను. విజయవాడలో దిగాక పెసరట్టు వద్దన్నాడు.

సినిమా మొదలైంది. ఎప్పటిలాగే నేను అతని వైపే తిరిగి కూర్చున్నాను. కొండలయ్య రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుని, బిగుసుకుని కూర్చున్నాడు. హాలంతా నవ్వినప్పుడు తెర చూడటం మానేసి నవ్వేవాళ్లని చూశాడు. చప్పట్లు కొట్టినప్పుడు కొట్టినవాళ్లని చూశాడు. తెర మీద ఏదో ఇల్లు. ఎన్నో ఏళ్లకి తిరిగొచ్చిన మొగుడికి ఒకావిడ మాటా పలుకూ లేకుండా అన్నం పెడుతోంది. వాడు తింటున్నాడు. "మారు వడ్డించనా?" అని ఆవిడ గొంతు. ఆ మాటతో కొండలయ్య గడ్డం వణికింది. నాకు బాగా తెలిసిన వణుకు అది. వెంటనే తల దించేసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలతో ఏదో గొణుక్కోవడం మొదలెట్టాడు. ఆ సీను అయిపోయేదాకా తలెత్తలేదు.

ఇంటర్వెల్‌లో ఫోన్ మోగింది. "నెట్‌లో మూడు స్టార్లు ఇచ్చారు తిరుపతీ. ఒకడు మూడుంపావు. వాడేమన్నాడు?" అన్నారు యజమాని.

"ఇంకా తేలలేదండి."

"తేలకపోవడమేంటి? నిద్రపోయాడా?"

"లేదండి. సెకండాఫ్ చూసి చెబుతాను."

సెకండాఫ్ అంతా అలాగే. మొదటిసారి నాకు ఆ మొహంలో ఏమీ కనపడలేదు. సినిమా వదిలాక జనంతో బాటు బయటికొచ్చి, గాంధీనగర్ రోడ్డు మీద ఒక షాపు అరుగు పక్కన నిలబడ్డాం. యూట్యూబ్ మైకులు పట్టుకున్న కుర్రాళ్లు బయటికొచ్చినవాళ్లని ఆపి ఎలా ఉందని అడుగుతున్నారు. ఒకడు కొండలయ్య దగ్గరికి రాబోతే చెయ్యి అడ్డం పెట్టి వెళ్లిపొమ్మన్నాను.

"కొండలయ్యా, యజమాని కోసం కాదు. నేనే అడుగుతున్నాను. బాగుందా?" అన్నాను. పదకొండేళ్లలో తెలుసుకోవాలని అడిగింది అదొక్కసారే.

"ఏమోనండీ" అన్నాడు. "మొదట్లో నచ్చినట్టే అనిపించింది. అంతట్లోకే, అమ్మో, నాకు నచ్చితే ఇది ఆడదు కదా అనుకున్నాను. ఇది ఆడకపోతే హాలు పోద్ది. అందుకని నచ్చకుండా చూద్దామని చూశానండి. ఆవిడ అన్నం పెట్టేటప్పుడు ఒకటీ రెండూ మూడూ అని అంకెలు లెక్కపెట్టుకున్నాను, మనసు అటు పోకుండా. బాగాలేదు బాగాలేదు అని వందసార్లు అనుకున్నాను. ఇప్పుడు బాగుందో లేదో నాకు తెలవట్లేదండి."

"పోనీలే, ఊరుకో."

"మీరు నా మొహమే కదండీ చూస్తా కూచున్నారు, ఇన్నేళ్లూ. నాకన్నా మీకే బాగా తెలుసు. నాకు నచ్చిందో లేదో మీరే చెప్పండి."

ఎగతాళి కాదు. నిజంగానే అడుగుతున్నాడు, చెబుతానేమోనని నా కళ్లల్లోకి చూస్తూ. నేనేం చెప్పను? ఆ సినిమా నేను చూడలేదు. ఆ సినిమానే కాదు, ఏ సినిమా చూడలేదు. ఆ మొహం చూశాను గానీ, ఇవాళ అందులో ఏముందో నాకూ తెలియలేదు. తలాడించడానికి కూడా సిగ్గేసింది. కొండలయ్య మొహం తిప్పుకుని అరుగు మీద కూలబడ్డాడు. తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

ఫోన్ మోగింది. తియ్యక తప్పలేదు.

"ఏమయ్యా, టైమైపోతోంది. అవతల అవనిగడ్డ హాలు వాళ్లు ఆఫీసులో కూర్చున్నారంట. ఏడిచాడా, లేదా?"

అబద్ధం చెప్పొచ్చు. ‘నిద్ర’ అంటే అయిపోయేది. అది నాకు తర్వాత తట్టింది, ఆ రాత్రి నుంచి రోజూ తడుతూనే ఉంది. అప్పుడు మాత్రం కొండలయ్య వైపు చూస్తూ, ఉన్న మాటే నోటికొచ్చింది.

"ఏడుస్తున్నాడండీ" అన్నాను.

"అయితే వద్దు. వచ్చేయండి" అని పెట్టేశారు.

ఆ సినిమా అవనిగడ్డలో అరవై రోజులాడింది. మేం దసరాకి వేసిన వేరే సినిమా వారం కూడా నిలబడలేదు. దీపావళి వెళ్లగానే కుర్చీలు పీకించారు. ఇప్పుడు సంపూర్ణా టాకీస్‌లో రొయ్యల మేత బస్తాలున్నాయి. కొండలయ్యకి అక్కడే కాపలా పని ఇప్పించాను, చేస్తున్నాడు.

మొన్న వాళ్లింటికెళ్లాను. నాగమల్లేశ్వరి ఈసారి తిట్టలేదు, స్టూలేసి మంచినీళ్లిచ్చింది. టీవీలో ఏదో సినిమా నడుస్తోంది. కొండలయ్య ఏడని అడిగితే వీధి వైపు చూపించింది. ఎదురింటి గోడ వైపు తిరిగి, ఇటు వీపు పెట్టి కూర్చున్నాడు. "టీవీ పెడితే అంతేనండి, లేచి బయటికి పోతాడు" అంది. "ఎందుకయ్యా అంటే, చూస్తే నచ్చేస్తదేమోనని భయంగా ఉందంటాడు."